పెళ్లి దగ్గర పడింది, తమ్ముడూ మా ఆయనా మాట్లాడుకోవడం లేదు

హనుమకొండ నుంచి ఒక తల్లి పెద్ద ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. ఆమె చెప్పింది క్లుప్తంగా ఇది.

ఆమెకు యాభై దాటాయి. పుట్టిల్లు నర్సంపేట దగ్గర పల్లె. భర్త సర్కారు బడిలో సోషల్ టీచర్‌గా చేసి రిటైరయ్యారు. చదువుకునే రోజుల నుంచీ ఎర్రజెండా మనిషి. తమ్ముడు నర్సంపేటలో ఎరువుల దుకాణం నడుపుతూ కాషాయ జెండా పార్టీలో తిరుగుతాడు. కొడుకు ఆర్మీలో ఉన్నాడు, పోస్టింగ్ జమ్మూ వైపు. కూతురికి పెళ్లి కుదిరింది.

"బావా బామ్మర్దులు నా పెండ్లి అయిన కాన్నుంచి రాజకీయాలు మాట్లాడుకుంటనే ఉన్నరు. కోడికూర తినుకుంట తిట్టుకునేటోళ్లు, చేతులు కడుక్కునేసరికి మర్చిపోయేటోళ్లు. సకల జనుల సమ్మెల అయితే ఇద్దరు ఒక్క టెంటు కింద కూసున్నరు, నేనే అన్నం వండి పంపిన" అని రాశారామె.

2025 ఏప్రిల్ 22న పహల్గామ్‌లో ఉగ్రవాదులు 26 మందిని కాల్చి చంపారు. మే 7న ఆపరేషన్ సిందూర్ మొదలైంది. కొడుకు ఫోన్ కలవడం ఆగిపోయింది. ఇంట్లో టీవీ మాత్రం పగలూ రాత్రీ మోగింది. తమ్ముడు కుటుంబ వాట్సాప్ గ్రూపులో ఒక దాడి వీడియో పెట్టాడు. అది వీడియో గేమ్‌లోనిదని భర్త అదే గ్రూపులో అందరి ముందూ పెట్టి, "దుకాణంల కూసోని యుద్ధం చేసేటోళ్లు ముందుగాల తెలివి తెచ్చుకోవాలె" అని చేర్చారు. మే 10 సాయంత్రం కాల్పులు ఆగాయని వార్త వచ్చేసరికి ఇద్దరూ ఇంట్లోనే ఉన్నారు. "మంచిగైంది, పోరగాండ్లు బతుకుతరు" అన్నారు భర్త. ఆ వెంటనే, అంతమంది టూరిస్టులున్న చోట ఒక్క జవాన్ ఎందుకు లేడని అడిగారు. "నువ్వు ఏ దేశం దిక్కు మాట్లాడుతున్నవ్ బావా?" అన్నాడు తమ్ముడు. "నేను కొడుకును పంపిన. నువ్వెవర్ని పంపినవ్?" అన్నారు భర్త.

అప్పటి నుంచి మాటల్లేవు. తమ్ముడు గ్రూపులోంచి వెళ్లిపోయాడు. ఆమె బతుకమ్మకు పుట్టింటికి పోలేదు. ఇప్పుడు పెళ్లిలో మేనమామ గంప ఎత్తాలి, పుట్టింటివాళ్లు ఒడిబియ్యం పోయాలి. బావ వచ్చి పిలిస్తేనే వస్తానంటాడు తమ్ముడు. నేను పిలవను, వస్తే రానీ అంటారు భర్త. సరిహద్దు వార్త ఏదొచ్చినా ఆమెకు మళ్లీ టెన్షన్ మొదలవుతోంది. "దేశానికి ఆపద వస్తే అందరు ఒక్కటి కావాలె అంటరు గద. మా ఇల్లు రెండైంది. నేను ఎవరి దిక్కు ఉండాలె?"

ఉత్తరం మధ్యలో ఇంకో సంగతి కూడా రాశారు, రెండు వాక్యాల్లో. భర్త స్నేహితుడొకాయన ఉర్దూ మీడియం బడిలో లెక్కల సార్‌గా చేసి రిటైరయ్యారు. ఈమె కొడుక్కి పదో తరగతి లెక్కలు చెప్పింది ఆయనే. పహల్గామ్ తర్వాత ఆ రోజుల్లో ఆయన ఇంటికి వస్తే తమ్ముడు "మీవాళ్లు ఏమంటున్నరు సార్?" అని అడిగాడట. ఆయన చాయ్ సగం తాగి లేచిపోయారు, మళ్లీ రాలేదు.

అమ్మా,

మీరు ఎవరి దిక్కూ ఉండక్కర్లేదు. ఆ ప్రశ్నను పక్కన పెట్టండి, ఎందుకంటే దానికి ఏ జవాబిచ్చినా మీ ఇంట్లో ఒకరు ఓడిపోతారు.

ముందు మే నెల సంగతి చూద్దాం. ఆ రోజుల్లో మీ ఇంట్లో ముగ్గురికీ ఉన్నది ఒకటే భయం. పిల్లవాడి ఫోన్ కలవడం లేదు. మీ ఆయన భయం ప్రభుత్వం మీద కోపంగా బయటికొచ్చింది, "కాపాడాల్సినవాళ్లు ముందే ఎందుకు కాపాడలేదు" అని. మీ తమ్ముడి భయం శత్రువు మీద కోపంగా వచ్చింది, అటువైపు మాట్లాడినట్టు కనిపించిన ఎవరి మీదైనా పడింది. ఒకరు కొడుకు కోసం, ఒకరు మేనల్లుడి కోసం. వాళ్లవి నిజమైన రాజకీయ అభిప్రాయాలే, వాటిని నేను చిన్నబుచ్చడం లేదు. కానీ ఎన్నో ఏళ్లు కోడికూరతో పాటు అరిగిపోయిన ఆ అభిప్రాయాలు ఆ వారంలోనే ఎందుకు అరగలేదో మీకు తెలుసు. వాళ్లిద్దరికీ ఇంతవరకూ ఎవరూ ఆ మాట చెప్పి ఉండరు.

ఇది మీ ఒక్క ఇంటి గొడవ కూడా కాదు. పహల్గామ్‌లో భర్తను పోగొట్టుకున్న ఒక నౌకాదళ అధికారి భార్య, ముస్లింల మీద, కశ్మీరీల మీద ద్వేషం వద్దు అన్నందుకు సోషల్ మీడియాలో తిట్లు పడింది. కాల్పుల విరమణ ప్రకటన చదివిన పాపానికి విదేశాంగ కార్యదర్శి విక్రమ్ మిస్రీనే కాదు, ఆయన కుటుంబాన్నీ వదల్లేదు. శత్రువు మీద చూపించాల్సిన కోపం మనవాళ్ల మీదికి మళ్లడం నాకు చాలా బాధ కలిగించింది. మీ హాల్లో జరిగింది కూడా అదే.

ఒక్కటి కావడమంటే ఏమిటో మీ పుట్టింటి దారిలోనే ఒక మంచి ఉదాహరణ ఉంది. లక్నేపల్లి. పీవీ నరసింహారావు పుట్టిన ఊరు. 1984 లోక్‌సభ ఎన్నికల్లో ఆయన హనుమకొండలో ఓడిపోయారు. గెలిచింది బీజేపీ అభ్యర్థి చందుపట్ల జంగారెడ్డి. ఆ ఎన్నికల్లో దేశం మొత్తం మీద బీజేపీకి వచ్చినవి రెండే సీట్లు, అందులో ఒకటి మనది. మీ తమ్ముడు ఈ ముచ్చట మీకు ఎన్నిసార్లు చెప్పి ఉంటాడో! ఆ తర్వాతిది కూడా అతనికి చెప్పండి. పదేళ్లకు, 1994లో, కశ్మీర్ మీద భారత్‌ను తప్పుపట్టే తీర్మానంతో పాకిస్థాన్ జెనీవాలోని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిషన్‌కు వెళ్లింది. అప్పుడు ప్రధాని పీవీ. భారత బృందానికి నాయకుడిగా ఆయన పంపింది ప్రతిపక్ష నేత వాజ్‌పేయిని. విదేశాంగ సహాయ మంత్రి సల్మాన్ ఖుర్షీద్ ఆ బృందంలో వాజ్‌పేయి నాయకత్వం కింద పనిచేశారు. పాకిస్థాన్ చివరికి ఓటింగ్ దాకా రాకుండానే తీర్మానాన్ని వెనక్కి తీసుకుంది.

అప్పుడు ఆ రెండు పార్టీల మధ్య సఖ్యత ఏమీ లేదమ్మా. బాబ్రీ మసీదు కూల్చివేత జరిగి ఏడాదిన్నర కూడా కాలేదు. అంతకుముందు జులైలోనే పీవీ ప్రభుత్వం మీద వచ్చిన అవిశ్వాసానికి బీజేపీ ఓటేసింది. జెనీవా నుంచి వచ్చాక వాజ్‌పేయి కాంగ్రెస్‌లో చేరలేదు, పీవీ బీజేపీని పొగడలేదు. ఫలానా పని మాత్రం కలిసి చేద్దాం అనుకున్నారు, చేశారు, మళ్లీ కొట్లాడుకున్నారు. 2025లోనూ అంతే. ప్రభుత్వం విదేశాలకు పంపిన ఏడు అఖిలపక్ష బృందాల్లో కాంగ్రెస్ శశి థరూర్, డీఎంకే కనిమొళి నాయకులుగా వెళ్లారు. ఒవైసీ బీజేపీ ఎంపీ నాయకత్వంలోని బృందంలో వెళ్లారు. మీ ఆయన జెండా వాళ్లలోంచి సీపీఎం ఎంపీ జాన్ బ్రిట్టాస్ కూడా ఒక బృందంలో ఉన్నారు. జులైలో పార్లమెంటు మొదలవగానే అధికారపక్షం, ప్రతిపక్షాలు ఆపరేషన్ సిందూర్ మీద గట్టిగా వాదించుకున్నాయి.

మీ తమ్ముడికి నేను చెప్పాలనుకున్నది ఇక్కడుంది. యుద్ధం నడుస్తుండగా ప్రశ్న అడగడం ద్రోహమైతే, అతను ఎక్కువగా గౌరవించే నాయకుడే మొదటి ద్రోహి అవుతాడు. 1962లో చైనాతో యుద్ధం ఇంకా జరుగుతుండగానే పార్లమెంటును పిలవండని పట్టుబట్టినవాళ్లలో వాజ్‌పేయి ముందున్నారు. నెహ్రూ ఒప్పుకున్నారు. నవంబరులో సభ జరిగింది, నెహ్రూ కూర్చుని విమర్శలు విన్నారు. రక్షణ మంత్రి కృష్ణ మేనన్ పదవి పోయింది, అదీ సొంత కాంగ్రెస్ ఎంపీలు పట్టుబట్టడం వల్ల. పహల్గామ్ విషయానికొస్తే, భద్రతా వైఫల్యం జరిగిందని 2025 జులైలో జమ్మూ కశ్మీర్ లెఫ్టినెంట్ గవర్నర్ మనోజ్ సిన్హాయే ఒప్పుకున్నారు. కాబట్టి మీ ఆయన అడిగిన ప్రశ్న అడగదగ్గదే.

కానీ ఎప్పుడు అడిగారు, ఎలా అడిగారు? అది మీ ఆయన ఆలోచించుకోవాలి. కార్గిల్ పోరు నడిచిన 1999 వేసవిలోనూ ప్రశ్నలున్నాయి. చొరబాటును ముందే ఎందుకు పసిగట్టలేదో తేల్చడానికి పోరు ముగిశాక కె. సుబ్రహ్మణ్యం అధ్యక్షతన కమిటీ వేశారు, దాని నివేదిక మరుసటి ఏడాది పార్లమెంటు ముందుకొచ్చింది. మేనల్లుడు బతికున్నాడో లేదో తెలియని సాయంత్రం, ఇంకా ఊపిరి తీసుకోని మనిషి ముందు ఆ ప్రశ్న పెడితే అతనికి అది ఎత్తిపొడుపుగానే వినిపిస్తుంది. వీడియో సంగతి ఇంకా నొప్పి. అది అబద్ధపు వీడియో అని చెప్పడం అవసరమే, ఆ రోజుల్లో వీడియో గేమ్ దృశ్యాలు యుద్ధమని తిరిగిన మాట నిజమే. తమ్ముడికి విడిగా ఒక ఫోన్ చేస్తే సరిపోయేది. పెళ్లికెదిగిన పిల్లలు, చెల్లెళ్లు, వదినలు అందరూ ఉన్న గ్రూపులో అతని దుకాణాన్ని ఎత్తి మాట్లాడటంతో వీడియో ఎటో పోయి అవమానం మిగిలింది.

"నేను కొడుకును పంపిన, నువ్వెవర్ని పంపినవ్" అన్న మాట మీ ఆయన మనస్ఫూర్తిగా వెనక్కి తీసుకోవాలి. ఆ పిల్లవాడిని ఎత్తుకుని తిప్పిన మేనమామతో అనాల్సిన మాట కాదది. సైన్యంలో ఉన్న కొడుకును వాదనలో గెలవడానికి వాడుకోవడం ఆ అబ్బాయికీ నచ్చదు. "ఏ దేశం దిక్కు" అన్న మాట అంతకన్నా తక్కువదేమీ కాదు. కొడుకును సరిహద్దుకు పంపిన తండ్రిని ఆ మాట అడిగిన తర్వాత మీ తమ్ముడు కూడా సరిగ్గా నిద్రపోయి ఉండడని నా నమ్మకం.

ఇప్పుడు మీరు రెండు వాక్యాల్లో దాటేసిన సంగతికి వస్తాను. నాకు మీ ఉత్తరం మొత్తంలో ఎక్కువ కష్టంగా అనిపించింది అదే. బావా బామ్మర్దులు సమానులు. ఒకరినొకరు అనుకున్నారు, ఇద్దరికీ అలిగే హక్కుంది, పిలిపించుకునే హక్కుంది. సార్‌కు అవేవీ లేవు. మీ అబ్బాయికి లెక్కలు నేర్పిన మనిషిని, వాడి క్షేమం అడగడానికి వచ్చి ఉంటారేమో, ఆయన్ని మీ ఇంట్లో, మీరిచ్చిన చాయ్ చేతిలో ఉండగా బయటివాడిలా ప్రశ్నించారు. మీరూ మీ ఆయనా అక్కడే ఉండి ఊరుకున్నారని అర్థమవుతోంది. మీ ఆయన అంత వాదించే మనిషి కదా, ఆ ఒక్క నిమిషం ఎందుకు వాదించలేదు?

బయటి శత్రువు వచ్చినప్పుడు ఇంట్లోవాళ్లను పుట్టుకను బట్టి అనుమానించడం మన దేశం ఇదివరకూ చేసింది. 1962లో దాదాపు మూడు వేల మంది చైనా సంతతి భారతీయులను రాజస్థాన్‌లోని దేవలీ క్యాంపులో నిర్బంధించారు. తరాలుగా అస్సాం, బెంగాల్‌లో బతికినవాళ్లు వాళ్లు, చిన్న పిల్లలు కూడా ఉన్నారు. యుద్ధం నెల రోజుల్లో ముగిసినా కొందరు ఏళ్ల తరబడి అందులోనే ఉన్నారు. వాళ్లను పెట్టడం వల్ల ఒక్క అంగుళం భూమి నిలబడలేదు. అదే సమయంలో, చైనాది దురాక్రమణే అని పార్టీ జాతీయ సమితి తీర్మానం చేసినా కమ్యూనిస్టులను పెద్ద సంఖ్యలో జైల్లో పెట్టారు. మీ ఆయనకు ఆ చరిత్ర కంఠతా వచ్చి ఉంటుంది. అనుమానం తన జెండా మీద పడితే ఎలా ఉంటుందో తెలిసినవాడు, స్నేహితుడి మీద పడ్డప్పుడు నోరు విప్పాల్సింది.

అందుకే పెళ్లి పిలుపులు సార్ ఇంటి నుంచి మొదలుపెట్టమంటాను. మీరూ మీ ఆయనా పెళ్లి కార్డు పట్టుకుని వెళ్లండి. "ఆ రోజు మా ఇంట్ల మీకు తప్పు జరిగింది సార్, మేము ఊకున్నం" అని చెప్పండి. సంజాయిషీలు వద్దు, దేశభక్తి సర్టిఫికెట్లు అసలే వద్దు, ఆయనకు వాటి అవసరం లేదు. ఆయన ఏమీ అనకపోవచ్చు, పెళ్లికి రాకపోవచ్చు కూడా. అయినా వెళ్లండి. వెళ్లే ముందు తమ్ముడికి తెలియజేయండి, రమ్మని మాత్రం బలవంతపెట్టొద్దు. చాటున వెళ్లినట్టు తర్వాత తెలిస్తే తనకు వ్యతిరేకంగా మీరంతా ఒక్కటయ్యారనుకుంటాడు. ముందే చెబితే ఇప్పుడు గునిసినా, పెళ్లిలో సార్ ఎదురుపడినప్పుడు తల దించుకోకుండా పలకరించే దారి అతనికి మిగులుతుంది.

ఇక తమ్ముడూ భర్తా. మీ ముందు కొన్ని దారులున్నాయి, ఏదీ ఖర్చు లేనిది కాదు.

పెద్దమనుషులను కూర్చోబెట్టడం మన దగ్గర అందరికీ తోచే పని. నాకు దాని మీద నమ్మకం తక్కువ, ఈ గొడవలో. పదిమంది ముందు కూర్చుంటే మళ్లీ పహల్గామ్ నుంచి మొదలవుతుంది, వచ్చిన పెద్దమనుషులకూ తలా ఒక జెండా ఉంటుంది. ఎవరు ముందు తగ్గారన్నది ఊరంతా తిరుగుతుంది.

ఇంట్లో ఇక రాజకీయాలే వద్దని కట్టడి పెట్టడం ఇంకో దారి. పెళ్లి నెల వరకు అది పనికొస్తుంది, పెట్టండి. ఎల్లకాలం పెడితే మాత్రం ఆ ఇద్దరి మధ్య మిగిలేది వాతావరణం, పత్తి ధర. వాళ్ల స్నేహమే రాజకీయం మాట్లాడుకోవడంలో ఉంది, మీ ఉత్తరంలో ఆ మాట మీరే రాశారు.

కొడుకుతో ఫోన్ చేయించాలని మీకు ఇప్పటికే అనిపించి ఉంటుంది. వాడు చెబితే ఇద్దరూ వింటారు, నిజమే. కానీ వాడిని తీర్పు చెప్పమనొద్దు. డ్యూటీలో ఉన్న పిల్లవాడికి ఇంటి పంచాయితీ మోపడం అన్యాయం, పైగా వాడు ఏ మాటన్నా ఇద్దరిలో ఒకరు దాన్ని తమవైపు తిప్పుకుంటారు. "చెల్లె పెండ్లిల మామ గంప ఎత్తాలె, బాపు పక్కన ఉండాలె" అని తనకు కావలసింది తను చెబితే చాలు.

నాకు మేలనిపించే దారి మీరు ఇద్దరితోనూ విడివిడిగా మాట్లాడటం. మీ ఆయనతో ఆయన ప్రశ్న న్యాయమైనదేనని ముందు ఒప్పుకుని, ఆ తర్వాత "కొడుకును పంపిన అన్న మాట, దుకాణం మాట నువ్వు వెనక్కి తీసుకోవాలె. మిగిలిందాంట్ల నువ్వు తగ్గనక్కర్లేదు" అనండి. తమ్ముడి దగ్గర ఇంకొంచెం చొరవ తీసుకోవచ్చు, మీరు అక్క కదా. "పాకిస్తాన్ మీద నీ కోపం నాక్కూడ ఉన్నది, నా కొడుకే ఉన్నడు అక్కడ. బావను ఏ దేశం అని అడిగినవ్ చూడు, అది నన్ను అడిగినట్టే" అనండి. క్షమాపణ చెప్పమనకండి. ఆ మాట ఒక్కటి వెనక్కి తీసుకుంటే చాలు. ఇద్దరూ ఆ మాటలు వెనక్కి తీసుకుంటే, అభిప్రాయాలు ఎక్కడివక్కడే ఉన్నా, పిలవడానికి వెళ్లేందుకు మీ ఆయనకు కాళ్లు వస్తాయి. మేనమామను ఇంటికెళ్లి పిలవడం మర్యాద ఎలాగూ, దాన్ని ఓటమిగా లెక్కేయక్కర్లేదు.

వాళ్లకు ఇది కొత్త విద్యేమీ కాదు. మీరు అన్నం వండి పంపిన ఆ టెంటు రోజుల్లో తెలంగాణ జేఏసీలో బీజేపీ ఉంది, ఎర్రజెండా పార్టీ న్యూడెమోక్రసీ ఉంది. ఎవరూ జెండా పారేయలేదు. తెలంగాణ రావాలి అన్న ఒక్క మాట మీద కూర్చున్నారు, సాయంత్రం టెంటు దిగాక మళ్లీ వాదించుకున్నారు. అప్పుడు కలిసింది ఒక రాష్ట్రం కోసం. ఇప్పుడు కలవాల్సింది ఇంకా చిన్న విషయాల మీద: పిల్లవాడు క్షేమంగా ఉండాలి, అబద్ధపు వార్త మన ఇంటి నుంచి పోకూడదు, మన గడప లోపల ఎవరినీ దేశం పేరు చెప్పి నిలదీయకూడదు. వీటికి ఎర్రజెండా అడ్డం కాదు, కాషాయమూ అడ్డం కాదు.

ఇన్ని చేసినా ఒకరు మొండికేయవచ్చు. అలాగైతే పెళ్లి ఆపుకోకండి. తమ్ముడిని మీరే వెళ్లి పిలవండి, అక్కగా ఆ హక్కు మీది. ఇద్దరూ మాట్లాడుకోకుండానే ఒకరు గంప ఎత్తి, ఒకరు కన్యాదానం చేసినా పెళ్లి పెళ్లే. ఆ రోజు మొహాలు చూసుకున్నాక కొన్ని నెలలకు మాట కలవొచ్చు. కలవకపోతే ఆ బాధ మీకు మిగులుతుంది, అది నేను దాచను. కానీ వాళ్ల మధ్య మధ్యవర్తిగా జీవితాంతం నిలబడే బాధ్యత మీ ఒక్కరిదే కాదు, కొంత వాళ్లకు వదిలేయండి.

ఒక పని మాత్రం వీటన్నిటికన్నా ముందు చేయండి. పెళ్లి పనుల్లో పడి మీ అబ్బాయి సెలవు తేదీలు, రైలు టికెట్, యూనిఫాంలో ఉన్న ఫొటో వెనక బోర్డు కనిపించేలా గ్రూపులో పెట్టి ఉంటారు, చాలా ఇళ్లలో పెడుతున్నారు. ఆ గ్రూపులోంచి అవి ఎక్కడికి పోతాయో మీకు తెలియదు. పహల్గామ్ దాడి తర్వాత నాలుగు రోజులకే కేంద్రం, సైనిక కదలికలను ప్రత్యక్ష ప్రసారం చేయొద్దని మీడియాతో పాటు సోషల్ మీడియా వాడేవాళ్లనూ కోరింది. అవన్నీ తీసేయమని ఈ రాత్రికే మీ ఆయనకు చెప్పండి. తమ్ముడికి ఫోన్ చేసి, అతని దగ్గరున్నవీ, అతని పార్టీ గ్రూపుల్లో మేనల్లుడి గురించి గర్వంగా పెట్టినవీ తీసేయమనండి. ఆ ఫోన్‌లో ఇంకేమీ మాట్లాడకండి.